సముద్రం కనిపించే గది

తణుకులో ఇనుప సామాన్ల కొట్టు నడిపే కోదండపాణి, తానెక్కడ కూర్చున్నా అంతకంటే మంచి చోటు ఇంకెవరికో దక్కిందని గింజుకుంటూ ఉండేవాడు. హోటల్లో ఫ్యాను కింద బల్ల దొరికితే కిటికీ పక్క బల్ల మీదికి పోయేది అతని మనసు. వెంటనే సర్వర్ చేతిలో నోటు పెట్టి అక్కడికి మారేవాడు. దోసె వచ్చేలోపు మరో బల్ల నచ్చేది.

సెల్ ఫోన్లు లేని రోజులవి. చెల్లెలు సుభాషిణి పెళ్లిలో అతను ఆమె భర్తను నలుగురిలో చులకన చేశాడు. అప్పటినుంచి అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఏళ్లు గడిచాక ఆమే కబురు పంపింది. భర్తకు కలకత్తా బదిలీ అయిందనీ, విశాఖపట్నంలో రైలెక్కే ముందు ఒకసారి చూడాలనుందనీ.

కోదండపాణి సంతోషంగా బయలుదేరాడు. విశాఖపట్నంలో హోటల్లో దిగి, ఆమె ఉన్న బంధువుల ఇంటికి ఫోన్ చేశాడు.

"పన్నెండో నంబరు గదిలో ఉన్నానమ్మా. పొద్దున్నే వచ్చెయ్యండి, కలిసి టిఫిన్ చేద్దాం."

"తప్పకుండా వస్తాం అన్నయ్యా. రేపు మధ్యాహ్నమే మా రైలు" అంది సుభాషిణి.

తెల్లవారింది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. కోదండపాణికి కాలు నిలవలేదు. గదులు చూసుకునే అప్పలస్వామిని పిలిచాడు.

"సముద్రం కనిపించే గది లేదా?"

"ఉంది బాబూ. కౌంటర్లో సెప్పి మారాలి."

"కౌంటరు సంగతి తర్వాత చూద్దాంలే" అంటూ అతని జేబులో నోటు కుక్కాడు.

పై అంతస్తు గదిలో సముద్రం కనిపించింది గాని కొబ్బరిచెట్టు అడ్డొచ్చింది. మరో నోటిచ్చి ఇంకా పైకెళ్లాడు. అక్కడ సముద్రం బాగుంది, మంచం కిర్రుమంది. ఇంకో నోటిచ్చి మూలగదికి మారాడు. అందులోనూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. పొద్దెక్కినా చెల్లెలు రాలేదు. "ఇంకా ఎంత పంతమో!" అని గొణుక్కుంటూ కిందికి దిగాడు.

కౌంటర్లో గుమాస్తా తెల్లబోయాడు. "మీరిక్కడే ఉన్నారాండీ? మీ చెల్లెలుగారు వచ్చారు. పన్నెండో గదికి తాళం వేసుంది. మీరు గది మారినట్టు మాకెవరూ చెప్పలేదు. చాలాసేపు కూర్చుని, 'అన్నయ్యకి మమ్మల్ని చూడటం ఇష్టం లేదు' అని ఏడుస్తూ వెళ్లిపోయారు."

కోదండపాణి రిక్షా ఎక్కి హడావిడిగా స్టేషనుకు చేరాడు. అప్పటికే రైలు కదిలింది. ఒక కిటికీలో సుభాషిణి కనిపించింది. పక్కనే పరిగెడుతూ అరిచాడు.

"నేను హోటల్లోనే ఉన్నానమ్మా! మంచి గది కోసం పైకి మారాను, అంతే!"

ఆమె ఊచలు పట్టుకుని చూసింది.

"మాకోసం ఒక్క పూట ఒకచోట కూర్చోలేకపోయావా అన్నయ్యా?"

రైలు వేగం అందుకుంది. కోదండపాణి ఆయాసపడుతూ ప్లాట్‌ఫాం చివర నిలబడిపోయాడు. తర్వాత అతను ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ మాటకు జవాబు రాయలేకపోయాడు.

నీతి: చేయి తడిపి ఎంత మంచి చోటైనా సంపాదించవచ్చు, ఉన్నచోట నిలకడగా ఉండలేనివాడు మాత్రం తనకోసం వచ్చిన మనుషులను పోగొట్టుకుంటాడు.