పంపేవారి పేరు

భద్రయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎక్కడినుంచైనా రాళ్ళ పార్సిలు వస్తే ఆయన ముందు రాయిని చూసేవారు కాదు. దాన్ని చుట్టి పంపిన కాగితాన్ని విప్పి, ఒళ్ళో పరిచి, అరచేత్తో ముడతలు సాఫుచేసి, అటూ ఇటూ తిప్పి చూసేవారు. అంతసేపూ రాయి బల్లమీద తన వంతు కోసం కాచుకుని ఉండేది. కొత్తగా వచ్చిన శిష్యులు మాస్టారు పాత వార్తలు చదువుకుంటున్నారనుకునేవారు. ఎందుకలా చూస్తారని ఎవరూ అడగలేదు. అడగనిది ఆయన చెప్పేవారు కాదు.

ఆయన గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో డ్రాయింగు మాస్టారుగా చేసి దిగిపోయినవారు. పిల్లలకు బొమ్మలు నేర్పితే వచ్చిన పేరు కంటే, దిగిపోయాక రాళ్ళు ఏరుకుంటే వచ్చిన పేరే పెద్దది. వేసవిలో నది తగ్గి గులకరాళ్ళ దిబ్బలు బయటపడగానే, వాటి మీద నడుం వంచి నడిచేవారు. ఏరి తెచ్చిన రాళ్ళను లోపల రబ్బరు అతికించిన డబ్బాలో వేసి, నీళ్ళూ సానపొడీ పోసి, ఆ డబ్బాను మోటారు మీద వారాల తరబడి దొర్లించేవారు. ముందు ముతక పొడి, తర్వాత సన్నపొడి, చివర మెరుగుపొడి. నునుపు తేలిన రాళ్ళను దేశంలో తనలాంటి పిచ్చి ఉన్నవాళ్ళకు పోస్టులో పంపేవారు. వాళ్ళు తమ నదుల రాళ్ళు ఈయనకు పంపేవారు. ఈ పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళలో చాలామంది కొద్ది రోజులకే మానేసేవారు. డబ్బా మూత తీసి చూడకుండా ఉండలేకపోవడం వాళ్ళ జబ్బు. ఆ జబ్బు లేని ఒక్క మనిషి నూకరత్నం.

నూకరత్నానిది పిండిమర. భర్త పోయాక తనే నడుపుకుంటోంది. ఎవరైనా తెచ్చిన గోధుమల్లో రాయి కనిపిస్తే వాళ్ళను నిలబెట్టి కడిగేసే మనిషి. అటువంటిది, ఒకనాడు అలా ఏరిన ఎర్రచారల రాయిని పారెయ్యబోయి, పారెయ్యలేక, కొంగున ముడివేసుకుని మాస్టారింటికి వెళ్ళింది. ఆ యేడే మర ఇరుసుకు ఇంకో బెల్టు తగిలించి పక్కన ఒక డబ్బా అమర్చుకుంది. మర తిరిగితే డబ్బా తిరుగుతుంది, మర ఆగితే అదీ ఆగుతుంది. ఆమె మరిది వీర్రాజుకు అది పెద్ద వేడుకైంది. పిండికోసం వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు.

"పంటికింద రవ్వంత రాయి తగిలితే ఊరంతా మా వదిన్ని తిడుద్ది. ఆవిడేమో రాళ్ళనే మర పట్టిస్తోంది! పైగా పోస్టులో పంపుద్దంట. అవతలూళ్ళో రాళ్ళకి కరువొచ్చినట్టు."

"అవతలూళ్ళో గోదారి లేదుగా, వీర్రాజూ" అనేది నూకరత్నం, బెల్టు సర్దుకుంటూ.

విశాఖపట్నంలో రాళ్ళు పోగుచేసేవారి సంఘం ఏటా పెట్టే ప్రదర్శన ఆ సంవత్సరం కూడా పెట్టింది. ఒక్కో నదికి ఒక్కో అర. మాస్టారు అంతకుముందు ఏడు వెళ్ళి చూసివచ్చారు. నర్మద అర నిండుగా ఉంది, కృష్ణ అర ఉంది, తుంగభద్ర అర ఉంది. గోదావరి అరలో పేరు రాసిన అట్టముక్క తప్ప ఏమీ లేదు. మాస్టారివి ఎందుకు పెట్టలేదంటే, ఆయన ప్రదర్శనలకు ఇవ్వరు. ఇవ్వననేది ఆయన పట్టుదల, దానికి కారణం అడిగినా లాభం లేదు. నూకరత్నం మాత్రం ఆ ఖాళీ అర సంగతి విన్నప్పటినుంచి కుదురుగా కూర్చోలేదు. ఈసారి ఆ అరలో తన రాళ్ళు ఉంటాయని అరుగు మీద అందరి ముందూ అనేసింది. అన్న మాట వీర్రాజు చెవిలో పడింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

పంపడానికి గడువు రేపటితో అయిపోతుందనగా ఆమె పెట్టె చంకనబెట్టుకుని మాస్టారింటికి వచ్చింది. రాళ్ళ పార్సిలు కట్టడం ఒక విద్య. ఒక్కో రాయినీ విడిగా కాగితంలో చుట్టి, మధ్య మధ్య ఊక పోసి, పెట్టెకు గుడ్డ తొడిగి కుట్టెయ్యాలి. పట్టుకుని ఊపితే లోపల చప్పుడు కాకూడదు. నూకరత్నం పెట్టె మూగగా ఉంది. పైన చిరునామా రాయించుకోవడానికి తెచ్చింది. మాస్టారు కుంచెతో రాసిన చిరునామా దారి తప్పదని శిష్యుల నమ్మకం.

ఆమె పెట్టె బల్లమీద పెట్టింది గానీ చెయ్యి తియ్యలేదు.

"మాస్టారండీ, ఓ మాట అడుగుతాను. చేసిన పని చూసుకుని మనిషి గర్వపడితే తప్పాండీ? మొన్న హరికథ చెప్పినాయన, గర్వం మనిషిని లోపలినుంచి తినేస్తుందన్నాడు. నాకేమో ఈ పెట్టె చూస్తుంటే గర్వంగా ఉందో, భయంగా ఉందో తెలీటం లేదండి."

మాస్టారు కుంచె పక్కన పెట్టారు. "పెట్టె విప్పు" అన్నారు.

"కుట్టేశానండి."

"కుట్టినదే విప్పమంటున్నాను."

ఆమె దారం తెంపింది. మాస్టారు ఊకలో చెయ్యి పెట్టి ఒక పొట్లం తీశారు. అందులో ఉన్నది ఎర్రచారల రాయి. కిటికీ వెలుగులో చారలు నిప్పులా ఉన్నాయి. ఆయన దాన్ని చూడలేదు. కాగితం సాఫుచేసి కిటికీకి ఎత్తి పట్టారు. కాగితం నడుమ రాయంత మచ్చ ఉంది, ఆ మచ్చలోంచి అవతలి పక్క కనబడుతోంది. ఇటు సినిమా ప్రకటన, అటు ఎరువుల ప్రకటన. మచ్చ దగ్గర రెండూ కలిసిపోయి, ఎరువుల బస్తా మీదనుంచి ఒక సినిమా తార నవ్వుతోంది.

"బావుంది. రెండు పక్కలూ ఒకేసారి చదువుకోవచ్చు" అన్నారు మాస్టారు.

నూకరత్నం తల దించుకుంది. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఆమెకు తెలియనిది కాదు. ఏ రాయైనా నీళ్ళలో ఉన్నప్పుడు అందంగానే ఉంటుంది. తడిలో ఎలా ఉందో ఆరిన తర్వాత కూడా అలాగే ఉంటేనే మెరుగు వచ్చినట్టు. ఆ వర్షాకాలం కరెంటు సరిగా లేదు. మర ఆగినప్పుడల్లా డబ్బా ఆగింది. మెరుగుపొడి తన పని ముగించకముందే గడువు వచ్చిపడింది. తీసి ఆరబెడితే రాళ్ళమీద పలచగా మజ్జిగ పోసినట్టుంది. అప్పుడు ఆమె కొబ్బరినూనె సీసా తీసి, గుడ్డముక్కతో ఒక్కో రాయికీ రాసింది. తలకి రాసుకుంటే తప్పులేనిది రాయికి రాస్తే తప్పేమిటని తనకు తానే చెప్పుకుంది.

మాస్టారు కోప్పడలేదు. నూనె మాటే ఎత్తలేదు. రాయిని అదే కాగితంలో చుట్టి, ఊకలో దోపి, సూదీ దారం ఆమె ముందుకు తోశారు. ఆమె కుట్టాక, కుంచె ముంచి, విశాఖపట్నం సంఘం చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

"వెళ్ళి పోస్టులో వెయ్యి."

"మరి నేనడిగిందానికి ఏం చెప్పారు కాదు..."

"పోస్టాఫీసు మూసేస్తారు, వెళ్ళు."

పోస్టాఫీసు కౌంటరు దగ్గర రాఘవులు ఉన్నాడు. పెట్టె అందుకుని ఒకసారి ఊపాడు. "ఏటమ్మా, రాళ్ళేనా? కిక్కురుమనటం లేదే" అని తూకం మీద పెట్టాడు. తర్వాత అటూ ఇటూ తిప్పి చూసి, "పంపేవారి పేరు లేదే? మాస్టారు ఎప్పుడూ రాస్తారుగా" అన్నాడు.

"మరిచిపోయారేమోనండి."

"అయితే నువ్వే రాసెయ్. ఇదిగో పెన్ను. పేరు, ఊరు. చాలు."

"రాయకపోతే ఏమవుద్దండి?"

"నేను తీసుకోను. ఎవరు పంపారో తెలీకపోతే, అక్కడ వద్దంటే ఎవరికి తెచ్చివ్వను?"

నూకరత్నం పెన్ను తీసుకుంది. గుడ్డమీద పెన్ను మొన ఆనించింది. అక్కడే ఆగిపోయింది. విశాఖపట్నంలో ఎవరో కాగితాలు విప్పి, రాళ్ళను గోదావరి అరలో పేరుస్తారు. మొదటి రోజు మెరుస్తాయి. జనం వస్తారు, పోతారు. నూనె ఆరుతుంది. మర్నాడు కాస్త, ఆ మర్నాడు ఇంకాస్త మజ్జిగ తేలుతుంది. పక్కన నర్మద రాళ్ళు, ఇటు పక్క కృష్ణ రాళ్ళు. గోదావరి రాళ్ళంటే ఇంతేనా అని ఎవరో అంటారు. అని, కింద పేరు చదువుతారు. పెన్ను ఆనించినచోట సిరా గుడ్డలోకి పాకి గురివిందగింజంత చుక్క అయింది.

"ఇచ్చెయ్యండి, రాఘవులు గారూ" అంది.

"అదేంటి? రేపే గడువన్నావు?"

"అవునండి. ఇంకా అవ్వలేదండి."

"ఏటి అవ్వలేదు?"

"రాళ్ళండి."

"రాళ్ళు అవ్వకపోవడమేంటమ్మా! దేవుడు చేసినరోజే అయిపోయాయిగా!" అన్నాడు రాఘవులు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె పెట్టె చంకనబెట్టుకుని వాళ్ళ మధ్యలోంచే బయటికి వచ్చింది.

మర దగ్గర అరుగు నిండుగా ఉంది. వీర్రాజు దూరంనుంచే పెట్టెను చూశాడు. "ఏం వదినా, ఆఖరికి పోస్టాఫీసోళ్ళు కూడా వద్దన్నారా?"

"వాళ్ళు తీసుకుంటామన్నారు. నేనే ఇవ్వలేదు" అంది నూకరత్నం. ఇందాక మాస్టారి ముందు వంగిన తల అరుగు ముందు వంగలేదు.

రాళ్ళను కుంకుడు రసంతో తోమి కడిగింది. డబ్బాలో పోసి మూత బిగించింది. తన ప్రశ్నకు జవాబు అడగడానికి మళ్ళీ మాస్టారింటికి వెళ్ళలేదు. చెయ్యాల్సిన పని ఉంది. ఆ యేడు కూడా గోదావరి అరలో అట్టముక్క ఒక్కటే ఉందని వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పినరోజు మాత్రం ఆమె మరలో ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చిన గింజలు పట్టింది, పిండి ఇచ్చి పంపింది. వీర్రాజు కూడా ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు ఆ రోజుది కూడా కలిపి అన్నాడు.

కరెంటు పోతే ఆగింది, వస్తే తిప్పింది. పొడి మార్చినప్పుడల్లా డబ్బానూ రాళ్ళనూ పదేపదే కడిగింది. ముతక పొడి రేణువు ఒక్కటి మిగిలినా చివరి మెరుగంతా గీతలు పడిపోతుంది. చలికాలం పోయింది, వేసవీ పోయింది. అయ్యాయని తోచినరోజు తీసి, వాకిట్లో తెల్లగుడ్డ మీద ఆరబోసింది. బాగా ఆరనిచ్చి, సగం రాళ్ళమీద నీళ్ళు చిలకరించింది. ఒక్క అడుగు వెనక్కి వేసి చూస్తే, ఏ సగం మీద చిలకరించిందో తనకే తెలియలేదు. ఎర్రచారలవి, పచ్చటి చెకుముకివి, పాలరంగు పలుగురాళ్ళు, అన్నీ అప్పుడే ఏట్లోంచి తీసినట్టున్నాయి. వీర్రాజు అటుగా వెళుతూ ఒకటి తీసి లుంగీకి తుడిచాడు. తుడిచి, వేళ్ళు చూసుకున్నాడు. వేళ్ళు పొడిగా ఉన్నాయి. రాయినీ వేళ్ళనూ మార్చి మార్చి చూసి, తీసినచోటే, తీసినప్పటికంటే నెమ్మదిగా పెట్టేసి వెళ్ళిపోయాడు.

ప్రదర్శనకు ఇంకా చాలా రోజులుండగానే నూకరత్నం పెట్టె కట్టి మాస్టారింటికి తెచ్చింది. మాస్టారు కుంచె కోసం చెయ్యి చాపారు. అవసరం లేకపోయింది. చిరునామా ఆమే రాసుకొచ్చింది. విశాఖపట్నం సంఘం పేరు ఒక మూల, కాస్త ఒంకరగా, ఇరుకుగా సర్దుకుంది. మిగిలిన గుడ్డంతా పంపేవారిదే. అంగుళమంత అక్షరాలతో, నూకరత్నం, పిండిమర, గోదావరి గట్టు.

మాస్టారు విప్పమనలేదు. పెట్టెను వెలుగులోకి జరిపి, ఆ అక్షరాలను చాలాసేపు చూశారు. ఆమె కాళ్ళు మార్చుకుంటూ నిలబడింది.

"పెద్దదైపోయిందాండీ? పైన ఇంకో గుడ్డ వేసి కుట్టెయ్యనా?"

"పంపేవారి పేరు ఇంత పెద్దగా రాస్తే, పోస్టువాళ్ళు పొరబడి నీకే తెచ్చిచ్చేస్తారు" అన్నారు మాస్టారు.

ఆమె పెట్టె కోసం చెయ్యి చాపింది. ఆయన దానిమీద తన చెయ్యి ఆనించారు.

"ఉండనీ. తెచ్చిస్తే మళ్ళీ పంపుదువుగాని."