మగ్గం మోగుతోందా

“మగ్గం మోగుతోందా... ఓ...య్!”

అదిగో, విన్నారా? వీధి చివర నుంచి కేక. ఇంకెవరూ కూర్చోకండి. కూర్చున్నవాళ్ళు కూడా లేవండి. ఆ బుడ్డోణ్ణి కాస్త పట్టుకోండమ్మా, దొప్పలో వేలు పెట్టేస్తున్నాడు. ఆ కేకకి జవాబు వచ్చేదాకా ఈ వీధిలో ఎవరూ మెతుకు ముట్టరు. వీధి పొడుగు కదా, జవాబు రావడానికి కొంచెం సేపు పడుతుంది. ఈలోపు కొత్తగా వచ్చిన కోడళ్ళూ అల్లుళ్ళూ మొహాలు చూసుకుంటున్నారు. ఈ కేక ఏమిటి, ఇన్ని కూరలు పెట్టుకుని ముందు ఈ గంజి తాగడమేమిటి అని. వాళ్ళ కోసం చెబుతాను. తెలిసినవాళ్ళు కూడా వినండి, నష్టమేమీ లేదు.

ఎప్పటి మాటో. మీ తాతకి తాత ఉయ్యాలలో పడుకుని బొటనవేలు చీకుతున్న కాలం. ఈ వీధిలో ఇంటింటికీ మగ్గం ఉండేది. నేల మీద గొయ్యి తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేసే గుంత మగ్గం. పొద్దున గుంతలో దిగితే దీపాలవేళకి పైకి రావడం. టకాటక్, టకాటక్, టకాటక్. పక్కింటివాడు ఇంట్లో ఉన్నాడా అంటే మగ్గం చప్పుడే గుర్తు. మనిషిని చూసే తీరిక ఎవరికీ లేదు. ఒకసారి ఇద్దరు పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఎక్కడో పొరుగూరి పెళ్ళిలో ఒకే బంతిలో కూర్చున్నారట. “మీదేవూరు బావా?” అని ఒకడు రెండోవాణ్ణి అడిగాడట. అబద్ధమైతే అయి ఉండొచ్చు. చెప్పుకునేవాళ్ళు మాత్రం అలాగే చెప్పుకున్నారు.

ఆ వీధిలో కూర్మయ్య అని ఒకడుండేవాడు. చూపు ఆనక మగ్గం మీద కూర్చోలేకపోయాడు. బియ్యం ఉడకబెట్టి గంజి కాచి ఇంటింటికీ పోసేవాడు. నేతకి ముందు పడుగు నూలుని వీధి పొడుగునా చాపి గంజి పట్టిస్తారు కదా, ఆ గంజి. అంతకంటే అతనికి పనీ లేదు, పేరూ లేదు. గంజి కూర్మయ్య అంటే చాలు. కానీ చూడండి, వీధిలో అందరి గుమ్మాలూ తొక్కేది అతనొక్కడే. ప్రతి ఇంట్లోనూ వంగిపోయిన వీపులే కనిపించేవి. నవ్వు వినపడేది కాదు. ఆ బెంగ అతన్ని పట్టుకుంది.

ఒకరోజు వీధి పెద్ద జగన్నాయకులు దగ్గరికి వెళ్ళి, ఏడాదికొక్క రోజు మగ్గాలన్నీ ఆపి అందరం కలిసి ఆడుకుని కలిసి తిందాం మావా అన్నాడు. పెద్దాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. మగ్గం ఆపితే కడుపు మాడుతుంది, అయినా సరే అన్నాడు. అయితే ఒక మాట.

“మూడేళ్ళు సూత్తాను కూర్మా. మూడో ఏడు నాను అన్నానికి కూకునే ఏళకి ఈదిలో ఒక్క మగ్గం కూడా మోగకూడదు. నలుగురు ఆపి ఒకడు నేసుకుంటే ఆపినోళ్ళు ఊరుకోరు. మోగిందా, మరింక ఈ మాట ఎత్తకు.”

కూర్మయ్య గంతులేసుకుంటూ వెళ్ళాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి కేక వేసుకుంటూ అందరినీ పిలిచాడు.

మొదటి ఏడు వచ్చింది. కూర్మయ్యకి చెడుగుడంటే ప్రాణం. తనకి ఇష్టమైంది అందరికీ ఇష్టమే అనుకున్నాడు. ఎండెక్కకముందే చల్లగా ఉంటుందని తెల్లారుతూనే వీధిలోనే ఆట పెట్టాడు. అక్కడే వచ్చింది చిక్కు. చెడుగుడు కుర్రాళ్ళు ఒకణ్ణి పట్టుకోబోయి ఇంకొకడు, ఇంకొకణ్ణి లాగబోయి మరొకడు, అందరూ కలిసి వెళ్ళి గున్నమ్మ పడుగు మీద పడ్డారు. తెల్లారగానే పడుగు పరిచే వేళ కదా మరి. గున్నమ్మ ఒంటరి మనిషి. ఆవిడ ఆ రోజు కూడా పడుగు పరిచింది. పరచకేం చేస్తుంది? ముందురోజు సాయంత్రం కూర్మయ్యే వెళ్ళి ఆవిడ గుమ్మంలో గంజికుండ పెట్టి వచ్చాడు. చేతులకి అలవాటు, బుర్రకి గుర్తులేదు.

పోగులన్నీ తెగిపోయాయి. గున్నమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తెగిన పోగులు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కూర్మయ్య, అక్క వరసయ్యే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి తప్పయిపోయిందప్పా, తప్పయిపోయిందప్పా అన్నాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. కోపమొచ్చింది, ఇంక ఈ జన్మకి పలకదు అన్నారు వీధివాళ్ళు.

అయినా ఆట బాగానే సాగింది. సాయంత్రం కూర్మయ్య ఆడినవాళ్ళని ఒక్కొక్కరినీ పట్టుకుని ఎలా ఉంది బావా, ఎలా ఉంది బావా అని అడిగాడు. బెమ్మాండం అన్నారు. ఆ మాట పట్టుకుని పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు.

“ఎవరినడిగావురా?”

“ఆడినోళ్ళనే మావా.”

“పెళ్ళికొడుకుని పట్టుకుని పెళ్ళెలా ఉందని అడిగినట్టుంది. నాను అరుగు మీద కూకున్నాను. ఇటు టకాటక్, అటు టకాటక్. వచ్చినోడు బాగుందనకేటంతాడు? రానోణ్ణి అడుగు.”

కూర్మయ్య మొహం చిన్నబోయింది. అయితే మనిషి మంచివాడు, చెప్పింది బుర్రకెక్కుతుంది. మర్నాటి నుంచి గంజి పోస్తూ పోస్తూ రానివాళ్ళని అడగడం మొదలెట్టాడు. ఎందుకు రాలేదు, ఏముంటే వస్తావు అని. ముసలాళ్ళు జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ పెట్టిస్తే వస్తామన్నారు. ఆడవాళ్ళు ఉయ్యాలలన్నారు, గచ్చకాయలన్నారు. పిల్లలు కర్రాబిళ్ళన్నారు. గున్నమ్మ గుమ్మంలో కూడా అడిగాడు. ఆవిడ వీపు జవాబు చెప్పలేదు. గంజి పోసి వచ్చేశాడు.

రెండో ఏడు వచ్చింది. మళ్ళీ వీధంతా కేక వేశాడు. ఈసారి అందరూ అడిగినవన్నీ పెట్టాడు. కానీ అన్నీ ఒక్కచోటే, ఒక్కసారే, అదీ మిట్టమధ్యాహ్నం. ఇక చూడండి తమాషా. జముకుల కథలో తల్లి బిడ్డని పోగొట్టుకుని ఏడుస్తోంది. ముసలాళ్ళు కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఇటు నుంచి కర్రాబిళ్ళ ఎగిరొచ్చి జముకు మీద ఠప్పున పడింది. కథకుడు ఏడుపు ఆపి తిట్లు మొదలెట్టాడు. ముసలాళ్ళు ఇదీ కథలోదే అనుకుని ఇంకా ఏడ్చారు. ఎండకి తలలు మాడిపోయాయి. ఉయ్యాలలు మాత్రం గాలికి వాటంతట అవే ఊగుతున్నాయి. వాటి మీద ఒక్క ఆడమనిషి లేదు.

రానివాళ్ళని అడగాలని కూర్మయ్యకి ఇప్పుడు తెలుసు కదా. ఆడవాళ్ళేరీ అని వెతుక్కుంటూ వెళ్ళాడు. అందరూ పొయ్యిల దగ్గర ఉన్నారు. పెద్దాయన భార్య వరాలమ్మ గంటె తిప్పుతూ, పొగకి ఎర్రబడ్డ కళ్ళతో అతన్ని చూసింది.

“ఉయ్యాల బాగానే కట్టావు కూర్మా. గంటె చేతిలోంచి దిగితే కదా ఊగడానికి.”

ఆ మాటకి కూర్మయ్య నవ్వాడు. మూడో ఏడు మీ చేతికి గంటె ఇస్తే ఒట్టు అత్తా అన్నాడు.

ఆ సాయంత్రం మగ్గాలు మునుపటి కంటే తక్కువే మోగాయి. తక్కువే గానీ మోగాయి. ఇంక ఒక్క ఏడే మిగిలింది.

కూర్మయ్య ఏడాదంతా ఆలోచించాడు. గంజి కాస్తూ ఆలోచించాడు, గంజి పోస్తూ ఆలోచించాడు, గంజికుండలు కడుగుతూ ఆలోచించాడు. ఎండ వాలాకే మొదలుపెడదామనుకున్నాడు. ముందు పిల్లల ఆట, అది అయ్యాక కుర్రాళ్ళ చెడుగుడు, అది అయ్యాకే కథ. ఆట అయితే వీధి వెనక మైదానంలో. ముసలాళ్ళకి నీడలో మంచాలు. వంట మాత్రం మగాళ్ళది.

మగాళ్ళు బిక్కమొహం వేశారు. మాకు పొయ్యి ఊదడం కూడా రాదే అన్నారు. మీకెందుకు, నాను రోజూ గుండిగలకి గుండిగలు ఉడకబెట్టట్లేదా అన్నాడు కూర్మయ్య. అందరూ ఆ మాట నమ్మారు. నమ్మకపోవడానికి ఏముంది, వీధిలో అంత బియ్యం ఉడకబెట్టిన మగాడు ఇంకొకడు లేడు.

మూడో ఏడు వచ్చింది. వీధంతా కేక వేశాడు. అబ్బ, ఆ రోజు ఎలా జరిగిందనుకున్నారు! పిల్లలు ఆడి అలిసి కథ దగ్గర చేరారు. ముసలాళ్ళు ఏడవాల్సిన చోటే ఏడ్చారు. వరాలమ్మ ఉయ్యాలెక్కి దిగనంటే దిగనంది. ఆవిడ నవ్వు విని పెద్దాయన, ఇదెవరి గొంతురా అని అడిగాడట.

ఇక వంట. కూర్మయ్యకి బియ్యం ఉడకబెట్టడం ఒక్క తీరులోనే వచ్చు. మెతుకు కనపడకూడదు, పోగుకి అంటుకోవాలి. చేయి అలాగే తిప్పింది. గుండిగలు దింపి చూస్తే అన్నం లేదు, గంజి ఉంది. కావాలంటే వీధిలో పడుగులన్నిటికీ పట్టించొచ్చు. మగాళ్ళు తలలు పట్టుకున్నారు. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. విస్తళ్ళలో గంజి నిలవదు కదా, అడ్డాకులు తెచ్చి గబగబా దొప్పలు కుట్టారు. ఉప్పు వేశారు, ఉల్లిపాయ కోశారు. వరసలు వేశారు.

జగన్నాయకులు దొప్ప చేత్తో పట్టుకుని తన చోటికి వచ్చాడు. మోకాళ్ళు వంచబోతూ ఆగాడు. చెయ్యెత్తాడు. వీధంతా చెవులు రిక్కించింది.

టకాటక్, టకాటక్, టకాటక్.

ఒక్క మగ్గం. గున్నమ్మది.

కూర్మయ్య గంటె కింద పెట్టాడు. ఒకరిద్దరు గొణిగారు. ఆవిడకి పడుగు తెగిన కోపం పోలేదు, ఎన్నిసార్లు పిలిచినా రాదు, వదిలెయ్యండి అన్నారు. పెద్దాయన మాత్రం మాట మాటే అన్నట్టు కూర్మయ్య వైపు చూశాడు. కూర్మయ్య బయల్దేరాడు.

గుమ్మం దగ్గర నిలబడి అప్పా అని పిలిచాడు. మగ్గం ఆగలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. వీపు తిరగలేదు. రెండేళ్ళూ ఇక్కడి నుంచే వెనక్కి వచ్చేశాడు. ఈసారి రాలేదు. గడప దాటి లోపలికి వెళ్ళాడు. అతని నీడ నేత మీద పడింది. గున్నమ్మ చేతులు ఆపి తలెత్తింది. మొహంలో కోపమేమీ లేదు.

“గంజి అప్పుడే తెచ్చావేటి కూర్మా? ఇంకా పొద్దుంది కదా,” అంది, ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా.

కూర్మయ్య ఏదో చెప్పబోయాడు. ఆవిడ అతని పెదాల వైపే చూసింది.

“గట్టిగా సెప్పు. మగ్గం మోతలో ఇనపడట్లేదు.”

మగ్గం ఆగిపోయి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

కూర్మయ్యకి అప్పుడు తెలిసింది. ఆవిడ గుంత అంచున కూర్చున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాడు. ఆటల రోజు సంగతి, చెడుగుడు సంగతి, పడుగు తెగిన సంగతి. ఆవిడ వింటూ వింటూ కళ్ళు తుడుచుకుంది.

“కుర్రకుంకలు అల్లరికి తెంపేశారనుకున్నాను. ఈదంతా ఒకచోట చేరి నవ్వుకుంటంటే కిటికీలోంచి సూశాను. నన్నెవరూ పిలవలేదు కదా అనుకున్నాను.”

“పిలిచానప్పా. నీకు తెలిసేలాగ పిలవలేదు.”

ఆవిడ చెయ్యి పట్టుకుని గుంతలోంచి పైకి లేపాడు. ఇద్దరూ వీధిలోకి వచ్చేసరికి ఏం చూశారనుకున్నారు? ఒక్కరూ కూర్చోలేదు. జగన్నాయకులు మోకాళ్ళు నొప్పి పుడుతున్నా దొప్ప పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి వీధంతా నిలబడింది. గంజి మీద మీగడ కట్టేసింది.

మగ్గం మోగింది కదా మావా అని ఎవరో గుర్తుచేశారు. పెద్దాయన ఒక్కసారి అటు చూశాడు.

“నాను కూకునే ఏళకి అన్నాను. ఇంకా కూకోలేదు కదా.”

వరాలమ్మ వచ్చి గున్నమ్మ భుజం తట్టి తన పక్కన చోటు చూపించింది. అప్పుడు అందరూ ఒక్కసారే కూర్చున్నారు. గంజి జిగటగా ఉంది, చల్లారి ఉంది. అంత రుచి ఎప్పుడూ ఎరగమన్నారు.

ఆ తర్వాత కూర్మయ్య ఎన్నో ఏళ్ళు ఆ రోజు జరిపించాడు. ప్రతిసారీ మర్నాడు గంజి పోస్తూ రానివాళ్ళనే ముందు అడిగేవాడు. వాళ్ళు చెప్పింది మరుసటేటికి సరిచేసేవాడు. గున్నమ్మ కూడా ఏటేటా వచ్చేది. ఒక ఏడు ఎండాకాలంలో కూర్మయ్య కన్నుమూశాడు. ఆ ఏడు అందరూ వరసల్లో నిలబడి చెవులొగ్గారు. ఏ మగ్గమూ మోగలేదు. కూర్చోబోతుంటే గున్నమ్మ ఆపింది. ఆవిడకి మగ్గం వినపడదు కదా, మనుషులని ఒక్కొక్కరినీ చూసుకుంటుంది. కూర్మయ్య రాలేదు అంది. వరాలమ్మే ఒక దొప్పలో గంజి పోసి, వరసలో మొదటి చోట పెట్టింది.

అదే ఇప్పటికీ. అదిగో, ఆ మొదటి దొప్ప అతనిదే. అన్నీ వండినా ముందు గంజి అందుకే. ఇప్పుడు మగ్గాలు ఎన్నో లేవు లెండి. టీవీ మోగినా మగ్గం మోగినట్టే లెక్క. వీధిలోంచి కేక ఒక్కసారే వేస్తారు. దానికి రానివాళ్ళ ఇంటికి మాత్రం మనిషి లోపలికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి పిలుస్తాడు. ఎవరైనా దూరాన ఏ ఊళ్ళోనో ఒంటరిగా ఉంటే, ఫోనుల్లో కూడా మనవాళ్ళు అదే అడుగుతారు, మగ్గం మోగుతోందా అని.

ఆగండాగండి. జవాబు వస్తోంది. చివరింటి సూరమ్మగారు ఇంకా రాలేదట, మోకాళ్ళు పట్టేశాయట. ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తుకొస్తున్నారు. జరగండి, దారివ్వండి. ఇక్కడ, ఇక్కడ దింపండి ఆవిణ్ణి, నా పక్కన.

“మోగట్లేదో... ఓ...య్!”

ఆఁ. ఇంక కూర్చోండి. అందరం కూర్చుందాం. ముందు గంజి.