తోమని పక్క

సాగరవాడ రాజుకు ఒక వెండి నాణెమంటే ప్రాణం. ఎక్కడో కరేబియన్ సముద్రపు దీవి వాళ్లు, తమకు సొంత రాజ్యం వచ్చిన గుర్తుగా దాన్ని ముద్రించుకున్నారట. ఒక పక్క చిలుక, రెండో పక్క చెరకు గడలు. ఉప్పుగాలికి అది కాటుకలా నల్లబడితే, వెండి తోమే నూకాలుకు అప్పగించారు.

చింతపండుతో తోమి, పెట్టెలో పెట్టి నూకాలు సభకు తెచ్చింది. దివాను ధర్మయ్య మూత తీసి మొహం చిట్లించాడు.

"ఇది మనది కాదు ప్రభూ. నేను రోజూ చూసే నాణెం నల్లనిది. అసలుది కాజేసి కొత్తది పెట్టింది."

దొంగకు చేతులు నరికించడం ఆ రాజు అలవాటు. నూకాలు పులుపుకు పగిలిన వేళ్లను కొంగులో దాచుకుంది.

"దివాను గారికి ఆ నాణెం బాగా గుర్తేనా మారాజా?" అంది.

"కళ్లు మూసుకుని తడిమినా పోలుస్తాను," అన్నాడు దివాను.

"అయితే ఒక్కసారి తిప్పి చూడమనండి."

తిప్పాడు. చెరకు గడలు నల్లగా అలాగే ఉన్నాయి. వాటి మీద, ఒకనాడు రాజు చేతిలోంచి జారినప్పుడు పడ్డ గీత కూడా ఉంది.

"పెద్దోళ్ల సొమ్ము ముందు ఒక పక్కే తోముతాను బాబయ్యా. వాళ్లు పోల్చుకున్నాకే రెండో పక్క ముట్టుకుంటాను."

దివాను తల దించుకున్నాడు. రాజు నవ్వాడు. "పోల్చుకున్నాంలే. ఆ పక్క కూడా తోమేయి."

నూకాలు కొంగులోంచి చేతులు తీయలేదు.

"ఆ పక్క ఉండనివ్వండి మారాజా. రేపు దివాను గారు మళ్లీ మరిచిపోతే, నా చేతుల్ని కాపాడేది ఆ నలుపే."