రాజుగారి వింటికొప్పు

వెలిచర్ల అని ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నది, రాజుగారి గొప్ప పెద్దది. రణమార్తాండ మహారాజు యుద్ధమన్నది కంటితో చూసి ఎరగడు గానీ, ముత్తాతగారి విల్లు పేరు చెప్పుకుని మీసం మెలివేయని రోజు లేదు.

ఒక దసరాకు ఆయుధపూజ కోసం ఆ విల్లును దించారు. దించీ దించగానే వింటికొప్పు, అదే అల్లెతాడు తగిలించే కొన, ఊడి కింద పడింది. విరిగిన ఆయుధానికి పూజ చేయకూడదాయె.

"అది పట్టపుటేనుగు దంతంతో చేసిన కొప్పు. రేపు పొద్దున్నే మన పట్టపుటేనుగు దంతం తీయించండి," అన్నాడు రాజు.

"కొన కాస్త కోస్తే చాలదా ప్రభూ?" అన్నాడు విదూషకుడు పోలన.

"కొనతో అది మట్టి కుమ్ముతుంది, మేత మేస్తుంది. నా విల్లుకు ఎంగిలి దంతమా? మొదలంటా పెరికించండి!"

ఆ సాయంత్రం మావటి గంగులు పోలన ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"కొన కోస్తే గోరు తీసినట్టే అయ్యా. మొదలంటా పెరికితే నా నీలాచలం బతకదు. తమరు చెబితే రాజుగారు వింటారు."

పోలన అతన్ని లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టాడు. రాజుగారు తన మాటకు నవ్వుతాడే గానీ ఏనాడు విన్నాడు గనక? ఆయనకు చెప్పినా గోడకు చెప్పినా ఒకటే. గోడయితే తల తీయించదు. కిందటేడు ఎదురాడిన పురోహితుడు పొలిమేర దాటి ఏమైపోయాడో ఇప్పటికీ తెలియదు. గంగులుకు ధైర్యం చెబుదామంటే తన దగ్గర ఉంటే కదా! ఇన్నాళ్ల తన తెలివంతా ఒక మూగజీవికి అక్కరకు రాకుండా పోయిందని కుమిలిపోయాడు.

తెల్లారి ఏనుగును కొలువు ముంగిట్లో నిలబెట్టి కాళ్లకు మోకులు బిగించారు. నేర్పిన మర్యాద మరువక అది రాజుకు తొండమెత్తి దణ్ణం పెట్టింది.

చూడలేక పోలన తల దించుకున్నాడు. ఎదురుగా వెండి పళ్లెంలో ఊడిన కొప్పు ఉంది. తరతరాల పసుపు, కుంకుమ, నూనె పట్టి నల్లగా అట్టలు కట్టింది. ఆ మడ్డి కింద ఏముందో ఎవరు చూడొచ్చారు? విరిగినచోట మాత్రం పొరలు పొరలుగా లేచింది, అచ్చం చిట్లిన గోరులాగా. ఇది దంతమేనా? పోలనకు అనుమానం వచ్చింది. నమ్మకం మాత్రం లేదు. ఎలాగూ పారేసే కొప్పే కదా అని ఒక పొర గిల్లి, పక్కనున్న సాంబ్రాణి నిప్పుల్లో వేశాడు.

గుప్పుమని కంపు లేచింది.

"ఛీ! ఎవరి జుట్టురా కాలుతోంది?" అని రాజు ముక్కు మూసుకున్నాడు. సభలో అందరూ తలలు తడుముకున్నారు. రాజగురువు పిలక గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరి జుట్టూ కాదు ప్రభూ. ముత్తాతగారి వింటికొప్పు," అన్నాడు పోలన. "ఇంత జుట్టు కంపు దంతానికి రాదు. గోరో గిట్టో కొమ్మో కాలాలి. ఇది దున్నపోతు కొమ్ము."

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. "మా ముత్తాత దున్నపోతు కొమ్ము పట్టుకుని యుద్ధం చేశాడంటావా?"

తన పని అయిపోయిందనుకున్నాడు పోలన. అనుకున్నాక భయం కూడా పోయింది.

"ప్రభూ, ఏనుగెక్కేది ఇంద్రుడు. రాక్షసులు వచ్చినప్పుడల్లా సింహాసనం వదిలి పరుగెత్తినవాడు. దున్నపోతునెక్కేది యముడు. ఆయన్ను చూసి పరుగెత్తనివాడు లేడు. వింటికి ఎవరి వాహనాన్ని తగిలించుకోవాలో ముత్తాతగారికి తెలియదంటారా?"

రాజు ఆలోచించాడు. చెయ్యి కత్తిని వదిలి మీసం మీదికి వచ్చింది. "అదీ మా వంశం!" అని పగలబడి నవ్వాడు. చచ్చిన దున్న కొమ్ము తెప్పించమన్నాడు. మెడలో ముత్యాలహారం తీసి పోలన మెడలో వేశాడు. ముంగిట్లో గంగులు మోకులు విప్పుతూ భోరుమన్నాడు.

పోలన ఇంకా ఊపిరి తీసుకోనైనా లేదు, రాజు మళ్లీ అన్నాడు. "అవునోయ్, మా ముత్తాతగారి డాలు ఏనుగు తోలుదంటారే, నిజమేనా?"

గంగులు చేతిలో మోకు జారిపోయింది.

"అది ఇంకా చిరగలేదు కదా ప్రభూ!" అన్నాడు పోలన చప్పున. రాజు మరింత నవ్వాడు.

అందరూ నవ్వారు, పోలన తప్ప. ఆ నాటి నుంచి నీలాచలం బతికినన్నాళ్లూ, ఆయుధాగారంలో ఆ డాలుకు ఎవరినీ చెయ్యి వేయనీయకుండా, తానే కూర్చుని నూనె రాసేవాడట.