ఇరవై సంతకాల నూకరాజు

అనగనగా అనగానే అందరూ రాజుల వైపు చూస్తారు. ఇటు చూడండి. ఈ కథలో కిరీటాలు లేవు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంది. దాన్ని పట్టుకున్నవాడు నూకరాజు.

కార్లన్నీ పెట్రోలు తాగే కాలం అది. కరెంటు బండ్లు ఒకటీ అరా వస్తున్నాయి. సముద్రం పక్క ఊళ్ళో, కొండ వాలున ఒక అపార్టుమెంటు. అయిదంతస్తులు, ఇరవై ఇళ్ళు. కింద సెల్లారులో, ఆగ్నేయ మూల, నూకరాజు ఇస్త్రీ బల్ల. లిఫ్టు పక్కన ఒక బోర్డు: పనివాళ్ళు మెట్ల దారిన వెళ్ళవలెను.

నూకరాజుకి గుండె నీరసం. మెట్లెక్కొద్దని ఆసుపత్రిలో చెప్పారు. ఎక్కక తప్పుతుందా? ఇరవై ఇళ్ళ బట్టలూ ఇచ్చి రావాలి. కనీసం వీధుల్లో మూటలు మొయ్యకుండా ఉంటాడని భార్య పైడమ్మ తన దుద్దులు అమ్మి, బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి కొనిచ్చింది. మరి దానికి ఛార్జింగు? "అందరి కరెంటు నీకెలా ఇస్తాం?" అన్నారు అపార్టుమెంటువాళ్ళు. అద్దె గది యజమానీ కుదరదన్నాడు. టీకొట్టువాడు దయ తలచిన రోజు బండి నడిచేది. లేనిరోజు నూకరాజు తోసేవాడు.

అలాంటప్పుడు ప్రభుత్వం ఒక కబురు పంపింది. అపార్టుమెంట్లలో కరెంటు బండ్లకి ఛార్జింగు పాయింట్లు పెట్టుకుంటే సగం ఖర్చు సబ్సిడీ ఇస్తాం అంది. కాకపోతే ఇరవై ఇళ్ళవాళ్ళూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. దాన్ని కరెంటు ఆఫీసులో ఇవ్వడానికి శ్రావణమాసం ఆఖరి శుక్రవారం సాయంత్రం దాకా గడువు.

సెక్రటరీ సన్యాసిరావు గారు నూకరాజుని పిలిచారు.

"ఇంటింటికీ తిరిగేవాడివి నువ్వే కదా, ఈ కాగితమూ తిప్పి ఆఫీసులో ఇచ్చిరా. పాయింటొస్తే నీ బండీ పెట్టుకుందువుగాని. ఎవరు వాడింది వాళ్ళే కట్టుకోవచ్చు."

"అలాగే బాబూ," అన్నాడు నూకరాజు. అతని మొహం మతాబులా వెలిగింది. నలగకుండా కాగితాన్ని ఇస్త్రీ చొక్కాల మధ్య పెట్టుకుని మెట్లెక్కాడు.

"ముందు పైవాళ్ళని పెట్టమను," అన్నారు కిందివాళ్ళు. "ముందు కిందివాళ్ళని పెట్టమను," అన్నారు పైవాళ్ళు. మొదటి సంతకం పెడితే రేపేదైనా తేడా వచ్చినప్పుడు తననే పట్టుకుంటారని ఒక్కొక్కరికీ భయం. తెల్లగా వెళ్ళిన కాగితం తెల్లగానే వచ్చింది.

నూకరాజు ఆలోచించాడు. అన్నం పళ్ళెం బోర్లించి, కాగితం మీద దాని చుట్టూ గీత గీశాడు.

"ఈ గీత సుట్టూ ఎట్టండి బాబూ. ముందెవలో ఎనకెవలో దేవుడికైనా తెల్దు."

అందరూ నవ్వారు. తెలివైనవాడే అన్నారు. చదువుకున్న తమకెందుకు తట్టలేదో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

గుండ్రటి గీతతో రెండోసారి మెట్లెక్కాడు.

"ఆషాఢంలో కొత్త పనా? శ్రావణం రానీ," అంది మూడో అంతస్తు ముసలమ్మ. ఆవిడ అన్నాక ఇరవై ఇళ్ళకీ ఆషాఢం గుర్తొచ్చింది. దాచడమెందుకు, ఆ ముసలమ్మ మా నాయనమ్మకి నాయనమ్మ. ఆ ఆషాఢంలోనే వాళ్ళింటికి కొత్త టీవీ వచ్చింది. దానికి మాసం అడ్డు రాలేదు!

శ్రావణం వచ్చింది. శుక్రవారాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. "ఇవాళ నోము, రేపు రా" అనే ఇల్లే ప్రతి అంతస్తులోనూ. ఆఖరి శుక్రవారం పొద్దున్న మూడోసారి మెట్లెక్కాడు. అంతస్తుకోసారి గోడకి చెయ్యి ఆనించి ఆగాడు. ఈసారి వాస్తు అడ్డొచ్చింది.

"కరెంటంటే నిప్పు. పాయింటు ఆగ్నేయంలోనే ఉండాలి," అన్నారు ఇల్లాళ్ళు.

"ఆగ్నేయంలో నా బల్లుంది కదమ్మా."

"బల్ల తీస్తేనే సంతకం."

ముప్పై ఏళ్ళ మూల అది. "తీసేత్తానమ్మా," అన్నాడు నూకరాజు. ఆ మాట మీద ఇరవై సంతకాలూ పడ్డాయి. కిందికొచ్చి, అన్నమాట ప్రకారం, బల్లని బయటి ఎండలోకి ఈడ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే గడువు. సెల్లారులో పదకొండు కార్లున్నాయి. "రా, ఆఫీసు దగ్గర దింపుతాను" అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. బండిలో ఛార్జింగు లేదు. బండి నిండా ఆ పూట పేరంటాలకని వేరే వీధులవాళ్ళకి ఇవ్వాల్సిన పట్టుచీరలున్నాయి. నూకరాజు బండి తోసుకుంటూ కొండ రోడ్డు ఎక్కాడు. దారిలో చీరలన్నీ ఇచ్చాడు. గడువుకి ముందే ఆఫీసులో కాగితమిచ్చాడు. గుమాస్తా ఆ గుండ్రటి సంతకాలు చూసి నవ్వి, ముద్ర వేసి రసీదిచ్చాడు. నూకరాజు రసీదు జేబులో పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

పాయింటొచ్చింది. సబ్సిడీ వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. మొదటి బండి ఎవరిదంటే మాత్రం అందరూ తలలు వంచుకున్నారు. సన్యాసిరావు గారు పైడమ్మకి కబురు పెట్టి, నూకరాజు బండి తెప్పించారు. పైడమ్మ ప్లగ్గు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. అప్పుడు తలెత్తి అందరినీ చూసింది.

"మా మావ ఎక్కిన మెట్లు మీరు దిగలేరేటి బాబూ? ఇరవై మందీ ఓపాలి కిందకి దిగుంటే ఆయనుండేవోడు."

లిఫ్టు పక్క బోర్డు ఆ రోజే పీకేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఇప్పటికీ ఆ ఊళ్ళో అందరి సంతకాలూ కావాల్సిన కాగితమొస్తే దాన్ని పైకి పంపరు. ఇళ్ళవాళ్ళే కిందికి దిగొచ్చి పెట్టి వెళతారు. ఎవరైనా "రేపు చూద్దాంలే" అని నసిగితే, "నూకరాజుని మెట్లెక్కించకు" అంటారు పెద్దవాళ్ళు. మా ఇంట్లో ఆ మాట చంటిపిల్లలకి కూడా వచ్చు. ఏం లాభం? ఆయన కాగితం పట్టుకుని మూడో అంతస్తు గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ రోజున, ఆ మాట మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు.