నా పేరు చెక్కిన స్లీపర్లు

మా సంస్థానంలో బుల్లి రైలు వేసే రోజుల్లో ఇంజనీరును నేనే. తెలివి నా ఒక్కడికే ఉందని నా గట్టి నమ్మకం. పట్టాల కింద వేసే స్లీపరు దుంగలు మరీ మొరటుగా ఉన్నాయని, సన్న నడుముతో నాజూగ్గా ఓ వంద కొత్తవి చేయించాను.

గ్యాంగు మేస్త్రీ సన్నాసి వాటిని ఎత్తి చూశాడు. "ఇంజను బరువుకి విరుగుతాయి దొరా."

"విరిగితే తప్పు నువ్వు వెయ్యడంలో ఉన్నట్టు!" అని కసిరాను.

"చిత్తం. మరి ఇంత గొప్ప చెక్కల మీద మీ పేరు లేకపోతే ఎలా? ఒక్కోదాని మీదా చెక్కిస్తాను" అన్నాడు. నేను పొంగిపోయాను.

చెక్కలన్నీ వేయడం అయ్యాక, రాజావారు రైలెక్కే ముందు రోజు పట్టాల వెంట నడిచాను. అడుగడుక్కీ నా పేరే. బండి బోల్తా పడితే రాజావారి కళ్లబడేదీ అదేనని అప్పుడు తట్టింది.

"సన్నాసీ, పాత దుంగలు వేయించరా!"

"పక్కనే పేర్చి ఉంచాను దొరా" అన్నాడు తాపీగా.

రైలు హాయిగా నడిచింది. నా చెక్కలు గ్యాంగు గుడిసెల్లో వంటచెరుకయ్యాయి. పేరు చెక్కిన చోట నిప్పు ఇట్టే అంటుకుంటోందని సన్నాసి తెగ మెచ్చుకున్నాడు.