రాళ్లదిన్నె పరుపు దర్గా

ఆదోని వైపు నల్లరేగడి చేల నడుమ, రాళ్లదిన్నెలో హజరత్ ఖుద్రతుల్లా షా వారి దర్గా ఉన్నది. సమాధి పక్కన నేల మీద ఒక దూది పరుపు పరచి ఉంటుంది. మంచాన పడ్డవారికి సేవ చేసి చేసి డస్సిపోయినవారు, ఏ మతం వారైనా సరే, మధ్యాహ్నం వేళ వచ్చి దాని మీద నిద్ర చేస్తారు. మిగతా చోట్ల మొక్కులు మొక్కుతారు. ఇక్కడికి వచ్చేవారికి మొక్కే ఓపిక కూడా ఉండదు. గురక పెట్టేవారిని లేపవద్దని భక్తులకు మనవి.

పూర్వం ఇక్కడ షా వారు గుడిసెలో ఉంటూ ఫారసీ పద్యాలు చెప్పేవారు. వాటిలో ప్రాణాలు తీసుకుపోయే దూత అజ్రాయీల్ భయంకరుడు కాడు, నడిచి నడిచి వచ్చే చుట్టం. "ఎన్ని గడపలు తొక్కాడో పాపం, ఒక్కరైనా కూర్చోమన్నారా?" అని షా వారు నొచ్చుకునేవారు. అందుకే శిష్యురాలు దూదేకుల హుసేనమ్మ చేత ఆ చుట్టం కోసం కొత్త పరుపు కుట్టించి ఉంచారు.

ముసలితనంలో షా వారు మంచం పట్టారు. ఏళ్లు గడిచినా చుట్టం రాలేదు. కడగడం, గంజి తాపడం అన్నీ హుసేనమ్మే. చివరి గుక్క నీళ్లు తానే పోస్తానని ఆయనకు మాట ఇచ్చింది. తాను కునుకు తీస్తే ఆ వేళ తప్పిపోతుందన్న భయంతో ఆమె నిద్ర మానుకుంది. ఒక ఎండపూట పరుపు దులుపుతూ దులుపుతూ దాని మీదే ఒరిగిపోయింది.

అప్పుడే అజ్రాయీల్ వచ్చాడు. కాళ్ల నిండా దుమ్ము. షా వారికి ఒళ్లంతా నొప్పి, వెళ్లిపోతే చాలునని ఉంది. అయినా చేత్తో సైగ చేసి, "మెల్లగా మాట్లాడు. ఆ పిల్ల ఇప్పుడే పండుకునింది. లేసేదాకా తాళుకుందాం" అన్నారు. అజ్రాయీల్ కటిక నేల మీద చతికిలబడి, ఆమె ముఖం మీద వాలే ఈగలను కండువాతో తోలుతూ కూర్చున్నాడు. షా వారు మూలుగు బయటికి రాకుండా పంటి బిగువున ఓర్చుకున్నారు.

పొద్దు వాలాక హుసేనమ్మ ఉలిక్కిపడి లేచింది. ఎదుట కూర్చున్నది ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

"అయ్యో అన్నా, నీకని ఏసిన పరుపు. నేను పండుకుంటినే!"

"ఉండనీలేమ్మా. నాకు పండుకునే తీరిక యాడిది? పో, నీళ్లు తీస్కరా."

ఆమె ఏడుస్తూనే షా వారి నోట్లో నీళ్లు పోసింది. ఆయన గుటక వేశాక ఇద్దరూ వెళ్లిపోయారు.

ఇప్పటికీ ఏటా ఉరుసుకు ముందు దూదేకుల ఇళ్లవారు ఆ పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుడతారు. ఇక్కడ నిద్ర చేసినవారు ఇల్లు చేరేదాకా అజ్రాయీల్ ఆ గడప తొక్కడని నమ్మకం. అందరికీ అలాగే జరిగిందని ఈ దర్గాను చూసుకునే ముజావరునైన నేను అబద్ధం చెప్పలేను. కొందరు ఇల్లు చేరేసరికే అక్కడ అంతా అయిపోయింది. కొన్నాళ్లకు వారు మళ్లీ వస్తారు, లోపలికి రాలేక వాకిట్లోనే నిలబడతారు. పిలిచి, పరుపు దులిపి వేస్తాము. లేచాక చేతికి నీళ్ల చెంబు ఇస్తాము. ఆనాడు పోయలేకపోయిన నీళ్లు సమాధి తలాపున పోస్తారు. అందవలసినవారికి షా వారే అందిస్తారు.